ఈ రేకుకు పేరు పెట్టి పిలిచేవారేరీ?

రేకు అంటే మనకు చులకన. ఇల్లు కట్టుకునే తాహతు లేనివాడిది రేకుల షెడ్డు. మూలన పడి తుప్పు పట్టేది రేకు డబ్బా. ఆ మాటకు కాస్త పరువు నిలబెట్టింది ఒక్క ఆత్రేయపురం వాళ్లే. బోర్లించిన కుండ మీద తీసిన పల్చటి రేకు, దాని మీద నెయ్యి, చక్కెర, మళ్లీ రేకు. విడిగా పట్టుకుంటే వేలు తగిలి చిరిగిపోయేదే, పొరలు పడి మడత తిరిగేసరికి చేతికి ఒదిగి నిలుస్తుంది. నేను చెప్పబోయేదీ ఒక పూతరేకు గోడే. ఇందులో రేకు అల్యూమినియం, విజిటింగ్ కార్డు మందాన ఉంటుంది. పూత ఎపాక్సీ జిగురు. ఆ జిగురులో వరసగా పరిచిన గాజు పోగులు. రేకు, పూత, రేకు, పూత, రేకు. దీని పేరు గ్లేర్. మీరెప్పుడైనా విన్నారా? వినలేదంటే తప్పు మీది కాదు. వినిపించాల్సినవాళ్లు నోరు మూసుకున్నారు.

కానీ దాని కింద కూర్చుని ఉంటారు. కూతురి పురిటికని ఆవకాయ జాడీ బట్టల మధ్య భద్రంగా సర్దుకుని, దుబాయ్‌లో విమానం మారి అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరు లేరు? వారిలో చాలామంది ఆ రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 ఎక్కినవాళ్లే. తిరిగొచ్చి ఏం చెప్పారు? లోపల మెట్లున్నాయన్నారు, సినిమాలున్నాయన్నారు, పైఅంతస్తులో డబ్బున్నవాళ్లకు స్నానాల గదులు కూడా ఉన్నాయన్నారు. తల మీద ఉన్న చర్మం గురించి ఒక్కరైనా చెప్పారా? బయట మైనస్ యాభై డిగ్రీల చలి, ఊపిరాడని పల్చటి గాలి. లోపల వందల ప్రాణాలు. మధ్యన విమానం పైభాగంలో దాదాపు 470 చదరపు మీటర్ల మేర పరుచుకున్నది ఈ రేకే. మన లెక్కలో చెప్పాలంటే 560 గజాల ప్లాటంత. అంత జాగా మన ఊళ్లో ఎవరికైనా ఉంటే ఊరంతా వాడి పేరు చెప్పుకుంటుంది. గ్లేర్ పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

ఇది ఏం చేస్తుందో తెలియాలంటే ముందు లోహానికున్న జబ్బు తెలియాలి. కట్టుతీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ ఇరవై సార్లు వంచండి, పుటుక్కున తెగుతుంది. విమానం పైకి లేచిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి దాని ఒళ్లు ఉబ్బుతుంది, దిగినప్పుడు ముడుచుకుంటుంది. వేల సార్లు ఇలా ఊపిరి పీల్చి వదిలాక ఎక్కడో ఒక రంధ్రం అంచున వెంట్రుకంత పగులు పుడుతుంది. 1954 జనవరి 10న ఎల్బా దీవి దగ్గర ఒక కామెట్ జెట్ విమానం గాల్లోనే ముక్కలైంది. మూడు నెలలు తిరక్కుండా ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర మరొకటి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో మరో కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో ముంచి, ఒత్తిడి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూస్తే గుట్టు బయటపడింది. లోహం అలిసిపోయింది. అంతకంటే ఏమీ లేదు. అంతలోనే అంతా ఉంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ విమానానికి పైకప్పు పద్దెనిమిది అడుగుల మేర ఎగిరిపోయిందంటే, ముప్పై నాలుగేళ్ల తర్వాతా ఆ జబ్బు అలాగే ఉందన్నమాట. ప్రయాణికులు నెత్తిన ఆకాశం పెట్టుకుని కిందికి దిగారు. విధుల్లో ఉన్న ఒక పరిచారిక గాల్లో కలిసిపోయింది.

ఈ జబ్బుకు మందు కనిపెట్టింది ఏ ధనిక దేశపు మహా ప్రయోగశాలో అనుకుంటున్నారా? కాదు. యుద్ధంలో చితికిపోయిన హాలండ్‌లో, యంత్రాలు కొనలేని ఒక ఫ్యాక్టరీలో దానికి బీజం పడింది. మందపాటి అల్యూమినియం దిమ్మెను కోసి రెక్క భాగాలు చెక్కే పెద్ద మిల్లింగ్ యంత్రాలు ఫోకర్ కంపెనీకి లేవు. మందం కావాలి, చెక్కే దారి లేదు. శ్లీకెల్మన్ అనే ఇంజినీరు ఇంగ్లండులో డి హావిలాండ్ అనే విమాన కంపెనీ వాళ్ల దగ్గర లోహానికి లోహాన్ని జిగురుతో అతికించే విద్య చూసి వచ్చాడు. ఆ జిగురు పేరు రీడక్స్. అక్కడి డక్స్‌ఫర్డ్‌లో 1940ల మొదట్లో డి బ్రూయిన్ అనే శాస్త్రవేత్త తయారు చేసింది. పల్చటి రేకులు ఒకదానిపై ఒకటి అతికిస్తూ పోతే కావలసిన మందం వస్తుంది కదా అనుకున్నారు. లేమి నేర్పిన విద్య అది. అలా పుట్టిన ఫోకర్ ఎఫ్27 ఫ్రెండ్‌షిప్ 1955లో ఎగిరింది. 1960లలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ మన దేశంలో తిప్పిన ఫోకర్ ఫ్రెండ్‌షిప్ అదే. మన పెద్దవాళ్లకు ఇప్పటికీ ఆ పేరు గుర్తుంటుంది. దాన్ని పరీక్షిస్తున్నప్పుడు ఎవరూ అడగని వరం ఒకటి దొరికింది. దిమ్మెలో పగులు పుడితే అడ్డూ అదుపూ లేకుండా పాకుతుంది. అతికించిన రేకుల్లో ఒక రేకు పగిలినా పక్క రేకు పగలదు. పగులు జిగురు దగ్గరికొచ్చి తడబడుతుంది.

అక్కడితో ఆగితే అది ఒక చిట్కా అయ్యేది. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో స్కైవ, వోగలసాంగ్ అనే ఇద్దరు ఆచార్యులు ఆగలేదు. జిగురులో పోగులు పరిస్తే? లోహంలో పగులు పుట్టినా ఆ పోగులు తెగకుండా రెండు అంచులనూ పట్టుకుంటే? గాయానికి డాక్టరు కుట్లు వేసినట్టు, పగులు పుట్టిన క్షణం నుంచే దానికి కుట్లు పడి ఉంటాయి! పగులు ఎంత పాకితే అన్ని కుట్లు దాన్ని వెనక్కి లాగుతాయి. మొదట అరమిడ్ అనే కృత్రిమ పోగులతో చేశారు. దాని పేరు ఆరల్. అమెరికా సైన్యపు సీ-17 రవాణా విమానం తలుపులో పెట్టి, ఖర్చెక్కువని తర్వాత తీసేశారు. అరమిడ్‌కు ఇంకో బలహీనతా ఉంది: లాగుడుకు ఓర్చుకున్నా, వదిలినప్పుడు పడే నొక్కుడుకు పగులు దగ్గర పోగులు తెగేవి. కాబట్టి గాజు పోగులకు మారారు. 1980ల చివర గ్లేర్ పుట్టింది. మామూలు విమానపు అల్యూమినియంలో పాకే వేగంతో పోలిస్తే గ్లేర్‌లో పగులు పదో వంతు, కొన్నిసార్లు నూరో వంతు వేగంతో పాకుతుంది. పగులు పుట్టదని ఇది గొప్పలు పోదు. పుట్టనిచ్చి పట్టుకుంటుంది. ఈ వినయం ఏ పదార్థానికుంది?

ఇంకా చెప్పమంటారా? మంట పెట్టండి. మామూలు అల్యూమినియం తొడుగు ఒకటి రెండు నిమిషాల్లో కరిగి చిల్లు పడుతుంది. గ్లేర్‌లో పై రేకు కరిగినా లోపలి గాజు పొర నిలబడి మంటను అవతలే ఆపుతుంది. పరీక్షల్లో పావుగంట దాటి నిలిచింది. కూలిన విమానంలోంచి మనిషి బయటపడటానికి పావుగంటంటే ఎంతో తెలుసా? ఒక జీవితకాలం. సుత్తితో కొట్టండి. వేగంగా కొట్టేకొద్దీ గాజు పోగు ఇంకా గట్టిపడుతుంది. తుప్పు పట్టించండి. పై రేకును తిన్న తుప్పు జిగురు గోడ దగ్గర ఆగిపోతుంది. దెబ్బ తగిలితే సొట్ట పడి, ఇదిగో ఇక్కడ తగిలింది అని తానే చూపిస్తుంది. ఈ ఒక్క గుణానికే దానికి దండం పెట్టాలి, ఎందుకంటే ఇవాళ దాని సింహాసనం ఎక్కిన కార్బన్ ఫైబర్‌కు ఆ నిజాయితీ లేదు. కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైకి నున్నగా నవ్వుతూ ఉంటుంది. దాన్ని పిడుగు నుంచి కాపాడటానికి మళ్లీ లోహపు జాలీ పరచాలి. లోహాన్ని వద్దన్నవాళ్లు దొడ్డిదారిన లోహాన్నే తెచ్చుకున్నారు!

మరి ఇంత గొప్పదాన్ని ఏం చేశారు? 1996లో ఫోకర్ దివాలా తీసింది. పుట్టిల్లు కూలినా పిల్ల బతికింది. పట్టువదలని కొందరు డచ్చి శాస్త్రవేత్తలు, ప్రభుత్వపు డబ్బూ కలిసి దాన్ని ఎయిర్‌బస్ గడప దాకా తీసుకెళ్లారు. హాలండ్‌లోని పాపెన్‌డ్రెఖ్ట్‌లో, జర్మనీలోని నార్డెన్‌హామ్‌లో పలకలు వత్తారు. 2005 ఏప్రిల్ 27న ఏ380 ఎగిరినప్పుడు టీవీలన్నీ దాని పరిమాణాన్ని పొగిడాయి. ఆ పదార్థం చరిత్రను 2001లో పుస్తకంగా రాసిన డెల్ఫ్ట్ ఆచార్యుడు అద్ వ్లాట్ ఆ రోజు చూడలేదు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే నలభై నిండీ నిండకుండా చనిపోయాడు. ఎవరికి తెలుసు ఆయన? ఆ తర్వాత బోయింగ్ 787 వచ్చింది, ఎయిర్‌బస్ ఏ350 వచ్చింది. బరువులో సగమో, అంతకు మించో కాంపోజిట్లేనని, అదీ ఎక్కువగా కార్బన్ అని డప్పు కొట్టారు. గ్లేర్‌ను తలిచినవాడు లేడు. 2021 డిసెంబర్‌లో ఆఖరి ఏ380ని అప్పగించి, మొత్తం 251తో ఆ కథ ముగించారు. నాలుగు ఇంజిన్లు తాగే ఇంధనం భరించలేక ఆ విమానాన్ని ఆపారు. ఇంజిన్లు చేసిన నేరానికి చర్మానికి శిక్ష పడటం ఏ ధర్మం?

ఖరీదు ఎక్కువ అంటారు. ఎవరు కాదన్నారు? కిలోకు మామూలు అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువే. బిగువు కొంచెం తక్కువ అంటారు. అదీ నిజమే, రెక్కకు ఇది సరిపడదు. కానీ కార్బన్ చవగ్గా పుట్టిందా? దానికి కొన్ని దశాబ్దాల ఓపిక, కోట్ల డాలర్లు పోశారు కాబట్టి దారికొచ్చింది. గ్లేర్‌కు పెద్ద ఎత్తున ఒక్క విమానంలో ఒక్క అవకాశం ఇచ్చి, ఆ విమానం అమ్ముడుపోలేదని తలుపు మూసేశారు. కంపెనీల లెక్కల పుస్తకాలు చూసే పెద్దలారా, పగులు దగ్గర ఆగే రేకు విలువను ఏ గడిలో రాశారు?

కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఇదే కులానికి చెందిన ఒక చవక తమ్ముడు మన వీధులన్నీ ఏలుతున్నాడు. బట్టల షాపు ముఖం, కార్పొరేట్ ఆసుపత్రి ముఖం, కోచింగ్ సెంటర్ ముఖం, ఏ టౌనుకు వెళ్లినా మెరిసే ఆ పలకలు. ఏసీపీ అంటారు. అటొక అల్యూమినియం పొర, ఇటొక అల్యూమినియం పొర, మధ్యలో ప్లాస్టిక్. ఇదీ లోహమూ పాలిమరూ కలిసిన కాపురమే. కానీ చవక రకంలో ఆ మధ్యలో ఉన్నది పాలిథిన్, అంటే గడ్డకట్టిన నూనె లాంటిది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ మీది మంటను గోడల వెంట పైకి పాకించింది అలాంటి పలకలే. 72 మంది పోయారు. మంటను ఆపే అన్న అనామకుడు, మంటను పాకించే తమ్ముడు ప్రతి సెంటర్లో లైట్ల కింద! మెరుపు చూసి కొంటాం, లోపలి పొర ఏమిటని అడగం. మంట నిరోధించే ఖనిజం కలిపిన రకాలు ఉన్నాయని చెప్పే షాపువాడు ఎందరు? అడిగే ఇంజినీరు ఎందరు? అనుమతి కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ పలక అంచు వంక చూసే అధికారి ఎందరు?

అసలు గుండె మండేది ఇక్కడ కాదు. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరంలో ఎయిరిండియా కనిష్క సామాన్ల అరలో బాంబు పేలి 329 మంది పోయారు. అందులో మనవాళ్లు ఎందరో. 1988 డిసెంబర్ 21న స్కాట్లండ్‌లోని లాకర్‌బీ మీద పాన్ యామ్ విమానం, 270 మంది. రెండు చోట్లా బాంబు సామాన్లలోనే. గ్లేర్‌తో సామాన్ల పెట్టె ఒకటి తయారు చేశారు. లాకర్‌బీ లాంటి బాంబును అందులో పెట్టి పేల్చారు. పేలుడూ మంటా పెట్టెలోనే అణిగిపోయాయి! దెబ్బకు గట్టిపడే గాజు పోగు గుణం అక్కడ మనుషుల ప్రాణాలంత విలువైంది. 2004లో అమెరికాలో 9/11 విచారణ సంఘం కూడా సరుకు మోసే ప్రతి ప్రయాణికుల విమానంలో కనీసం ఒక్క గట్టి పెట్టె పెట్టమని సిఫార్సు చేసింది. ఒక్కటంటే ఒక్కటి. ఆ మాట రోజువారీ ఆచారం కాలేదు. బరువెక్కువట, ధరెక్కువట. సీటు కింద లైఫ్ జాకెట్ కూడా బరువే కదా, అది ఎందుకు మోస్తున్నారు? విమానంలో గాలికి సువాసన, అద్దానికి దీపం పెట్టడానికి డబ్బుంది, సామాన్ల అరలో ఒక్క పెట్టెకు లేదు. కనిష్కలో పోయినవారి ఫొటోలకు దండలు వేసే ప్రభుత్వాలు ఈ పెట్టె సంగతి ఎన్నడైనా అడిగాయా?

ఇక మన గడపలోకి వస్తాను. నేను పాతికేళ్లు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెటీరియల్స్ పాఠం చెప్పాను. ఒక ఏడాది ముగ్గురు పిల్లలు గ్లేర్ లాంటిది చేస్తామని ముందుకొచ్చారు. హార్డ్‌వేర్ షాపులో కొన్న అల్యూమినియం రేకు, గాజు గుడ్డ, ఎపాక్సీ. మొదటి పలక పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఊడిరాదా మరి? రేకు పైమట్టును ఆసిడ్‌లో తగిన పద్ధతిలో శుద్ధి చేసి, ప్రైమర్ పూస్తేనే జిగురు దాన్ని నమ్ముతుంది. అసలు విద్యంతా ఆ శుభ్రం చేయడంలోనే ఉంది. తెలుసుకున్నారు, మళ్లీ చేశారు. మూడో పలక నిలిచింది. రంపంతో గాటు పెట్టి ఆడించి చూస్తే పగులు నెమ్మదించడం కంటితో కనిపించింది. ఆ రోజు వాళ్ల ముఖాలు చూడాల్సింది! వైవాకు వచ్చిన బయటి పరీక్షకుడు పలకను చేత్తో కూడా ముట్టలేదు. సిమ్యులేషన్ ఏదీ అని అడిగాడు. ఈ పాఠాన్ని సిలబస్‌లో పెడదామని నేను అడిగితే, ప్లేస్‌మెంట్‌కు పనికొస్తుందా మాస్టారూ అన్నారు పైవాళ్లు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. పలక ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

సిలబస్ రాసే పెద్దలారా! హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు తయారవుతున్నాయి, సీ-130 తోకలు తయారవుతున్నాయి. ప్రపంచం మన చేతికి రేకు ఇచ్చి బిగించమంటోంది. బిగించే చేయి ఉంటే చాలా, రేకును పుట్టించే బుర్ర అక్కర్లేదా? యుద్ధంలో చితికిన చిన్న దేశం, పెద్ద యంత్రాలు కొనలేని లేమిలోంచి ఇది కనిపెట్టింది. మనకు లేమి తక్కువా, తెలివి తక్కువా? విమానాలు వదిలి మన రోడ్డు మీదికే రండి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది బూడిదయ్యారు. ఆ బస్సులో ఈ రేకు ఉంటే బతికేవారని నేను అనను, అంత తేలిగ్గా అనకూడదు. కానీ పావుగంట మంటను ఆపే పలక ఒకటి లోకంలో ఉందని తెలిసి, దాన్ని ఒక బస్సు అడుగున పెట్టి చూద్దామన్న ఆలోచనైనా ఏ శాఖకైనా వచ్చిందా? ఆలోచించడానికీ టెండర్ పిలవాలా?

ఫ్రాన్సులో తార్బ్ అనే ఊళ్లో పాత ఏ380లను విప్పేస్తున్నారు. మొదట సింగపూర్ ఎయిర్‌లైన్స్ తిప్పిన రెండు విమానాలు, పదేళ్లు కాస్త దాటాయో లేదో, ముక్కలయ్యాయి. ఇంజిన్లు విప్పారు, చక్రాలు విప్పారు, వాటన్నిటికీ కొనేవాళ్లున్నారు. పొరలు పొరలుగా అతుక్కున్న గ్లేర్‌ను కరిగించి వేరు చేయడం కష్టం, తుక్కువాళ్లకు అది తలనొప్పి. అలా విప్పిన విమానాల తొడుగును చిన్న బిళ్లలుగా కోసి తాళంచెవుల గొలుసులకు తగిలించి అమ్ముతున్నారు. మన పిల్లలెవరైనా అలాంటిది తెచ్చుకుంటే ఒక్కసారి అడిగి తీసుకోండి. మీద రాసిన విమానం పేరు తర్వాత చదవచ్చు. బిళ్లను పక్కకు తిప్పి అంచు చూడండి. అది పైభాగపు ముక్క అయితే బూడిదరంగు గీత, దాని పక్కన పాలిపోయిన గీత, మళ్లీ బూడిదరంగు గీత కనిపిస్తాయి.